పాత షేవింగ్ బ్రష్షులు మూడు: కుచ్చు మార్చే ముందు పిడిలో ఏం చూసుకోవాలి?

మిర్యాలగూడ పిడి

అందరికీ నమస్తే. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో ఒకే కుప్పలో దొరికిన మూడు పాత షేవింగ్ బ్రష్షులు ఉన్నాయి. వెంట్రుకలు సగం రాలిపోయాయి, మిగిలినవి పట్టుకుంటే చేతికొస్తున్నాయి. పిడులు మాత్రం చాలా అందంగా ఉన్నాయి, మళ్లీ వాడకంలోకి తేవాలని ఉంది.

ఒకటోది బెల్లంపాకం రంగు పిడి. ఎత్తు 58 మి.మీ., పైన మూతి బయటి వెడల్పు 29 మి.మీ. 'ఎవర్-రెడీ' అని చెక్కి ఉంది, అక్షరాల్లో రంగు పోయింది. మూతి అంచు నుంచి కిందికి సెంటీమీటరు పొడవున సన్నటి చీలిక ఉంది.

రెండోది నల్ల పిడి. మూతి 31 మి.మీ. మెరుపు పోయి బూడిద పూసినట్టుంది. పేరు లేదు, 'స్టెరిలైజ్డ్' అన్న ముద్ర ఒక్కటే ఉంది.

మూడోది చెక్క. ఎర్రరంగు పెచ్చులూడింది, మెడకు అల్యూమినియం పట్టీ. మూతి 26 మి.మీ.

ఇవి ఏ సరుకుతో చేసినవో ఎలా తెలుసుకోవాలి? పాత వెంట్రుకలు కడిగి వాడొచ్చా, తీసేయాలా? కొత్త కుచ్చు (వెంట్రుకల కట్ట) ఏ సైజుది, ఏ జిగురుతో పెట్టాలి? డ్రిల్లు, వైస్, వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) ఉన్నాయి. లేత్ లేదు.

---

దేవరకొండ ఖరాదు

ముందు ఒక్కమాట. సరుకు ఏదో తేలేదాకా వేడినీళ్లలో నానబెట్టడం, అసిటోన్, వాటర్ పేపర్ ఈ మూడూ దగ్గరికి రానివ్వకండి. పాత పిడులు వయసు మీదపడి చెడేవి తక్కువ, తప్పు మందు తగిలి చెడేవే ఎక్కువ.

వాసనతో మొదలుపెట్టండి, దానికి ఏ సామానూ అక్కర్లేదు. పిడి అడుగును బొటనవేలితో వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్, అంటే పాత టేబుల్ టెన్నిస్ బంతుల సరుకు. దానికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. వేడి సూది గుచ్చి చూడమని కొన్నిచోట్ల రాస్తుంటారు, ఆ పని ఎప్పుడూ చేయకండి. అసిటోన్ తగిలితే అది కరిగిపోతుంది కూడా.

కర్పూరం వాసన లేకపోతే రెండోది. దూది పుల్లకు కొద్దిగా బ్రాసో (ఇత్తడి సామాను పాలిష్) అద్ది, పిడి అడుగున కనపడని చోట పది పన్నెండు సార్లు రుద్దండి. దూది మీద పసుపు మరక వస్తే ఫినాల్ జాతి సరుకు, అంటే బేకలైట్ గానీ కాటలిన్ గానీ, రెండూ పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌లే. ఈమధ్యే ఎవరైనా పాలిష్ పట్టి ఉంటే పైపొర పోయి మరక రాదు. కాబట్టి మరక వస్తే నమ్మండి, రానంత మాత్రాన కాదనుకోవద్దు. అప్పుడు గోరువెచ్చకంటే కాస్త ఎక్కువ వేడి నీటి ధార కింద పిడి అడుగును అర నిమిషం పెట్టి వాసన చూడండి. కార్బాలిక్ సబ్బు వాసన వస్తే ఫినాల్. మాడిన పాల వాసన వస్తే కేసిన్, అంటే పాల విరుగుడుతో చేసిన పాత ప్లాస్టిక్. కేసిన్‌ను నానబెడితే ఉబ్బి, ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. తడి గుడ్డతో తుడవడం వరకే.

అప్పటికీ అనుమానం మిగిలితే ఉప్పునీళ్లు. 100 మి.లీ. నీళ్లలో ఉప్పు ఇక కరగనంతవరకు, దాదాపు 36 గ్రాములు, కలపండి. ఆ నీటి సాంద్రత 1.2 దాకా వస్తుంది. పాలిస్టైరిన్, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్‌లు దానిలో తేలుతాయి. బేకలైట్, కాటలిన్, సెల్యులాయిడ్, కేసిన్ మునుగుతాయి. కుచ్చు, లోపలి బెండు, లోహపు పట్టీ అన్నీ తీసేశాకే ఈ పరీక్ష పనికొస్తుంది. లోపల గాలి నిలిచిన పిడి ఏ సరుకుదైనా తేలుతుంది, అది చూసి మోసపోవద్దు.

మీ ఒకటోది వర్ణన చూస్తే కాటలిన్ అనిపిస్తోంది. 1907లో లియో బేకలాండ్ కనిపెట్టిన బేకలైట్‌లో చెక్కపొట్టు లాంటివి కలిపి అచ్చులో నొక్కుతారు, అందుకే ఎక్కువగా నలుపు, ముదురు గోధుమరంగుల్లో ఉంటుంది. కాటలిన్ 1920ల చివర్లో వచ్చింది. అందులో పొట్టు కలపరు, పోతపోస్తారు, కాబట్టి లేత రంగులు కుదిరాయి. మీ పిడి పుట్టినప్పుడు తెలుపో మీగడరంగో అయి ఉండొచ్చు. వెలుతురుకు, గాలికి పైపొర పండి ఈ పాకం రంగు తేలుతుంది. ఆ పొర చాలా పలచన. దాన్ని ఉంచాలా తీయాలా అన్నది తర్వాత మాట్లాడదాం.

దంతంలా కనిపించే పిడి ఎప్పుడైనా చేతికొస్తే అడుగు భాగాన్ని భూతద్దంతో చూడండి. ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే వంపు గీతలు, వలలాగా, ఉంటే అసలు ఏనుగు దంతం. సమాంతరంగా, గీసినట్టు సాఫీగా పోతే సెల్యులాయిడ్ నకలు. అసలుదైతే కొనొద్దు, అమ్మొద్దు. మన దేశంలో దంతం వ్యాపారం నేరం.

---

పాలమూరు బ్రష్షు

పిడి సంగతి పైన అన్న మంచిగ చెప్పిండు. నేను వెంట్రుకల సంగతి చెప్త. జర మనసు పెట్టి చదవుండ్రి.

పాత వెంట్రుకలు కడిగి వాడొద్దు. మొదటి ప్రపంచ యుద్ధం కాలంల చైనా, సైబీరియా దిక్కుల నుంచి వచ్చిన గుర్రపు వెంట్రుకలు సరిగ్గ శుద్ధి చేయకుండనే బ్రష్షులల్ల పెట్టిన్రు. గడ్డం గీసుకున్నప్పుడు పడ్డ సన్న గాట్లల్ల నుంచి సైనికులకు, మామూలు జనానికి ఆంత్రాక్స్ సోకింది. మన గొల్ల కురుమలు దొమ్మరోగం అంటరు, గదే. బ్రిటన్ 1920 సంవత్సరంల జపాన్ నుంచి వచ్చే బ్రష్షుల దిగుమతే బంద్ పెట్టింది. ఆ రోగం బీజాలు దశాబ్దాల తరబడి సావకుండ ఉంటయి. 2017ల అమెరికా సీడీసీ (అక్కడి రోగాల నివారణ సంస్థ) వాళ్లు ఆ పాత కేసులన్ని మల్ల తిరగేసి, ఆ కాలం జంతువెంట్రుకల బ్రష్షులు వాడకపోవుడే మంచిదని రాసిన్రు. ఇప్పుడు ప్రమాదం చాల తక్కువనే, కానీ రోజూ బ్లేడు ఆడే మొహం మీద ఆ తక్కువ ప్రమాదం కూడ ఎందుకు?

'స్టెరిలైజ్డ్' ముద్ర ఆ భయం తర్వాత చాల బ్రష్షుల మీద పడ్డది. కాలం అంచనా కట్టనీకి అది అక్కరకొస్తది గని, వెంట్రుక శుద్ధమని నమ్మనీకి కాదు. గుర్రపు వెంట్రుకకే రంగేసి బ్యాడ్జర్ (ఖరీదైన బ్రష్షులకు వాడే ఒక అడవిజంతువు) వెంట్రుక లెక్క అమ్మిన రోజులు కూడ ఉన్నయి, కాబట్టి చూసి ఏ జంతువుదో చెప్పుడు నమ్మే పని కాదు.

తీసే పద్ధతి ఇట్ల. చేతికి గ్లవ్సులు, మూతికి ఎన్95 మాస్కు. కుచ్చును సబ్బునీళ్లల్ల మంచిగ తడపాలె, ఎండు వెంట్రుక ఎప్పుడూ కోయొద్దు. తడిగున్నప్పుడే ఒక పాలిథీన్ కవర్ల బ్రష్షుతో సహా చెయ్యి పెట్టి, లోపల్నే పదునైన కత్తెరతోని పిడి మూతి దాకా కత్తిరించాలె. రాలినయన్ని ఆ కవర్లనే ఉంటయి. ముడేసి ఇంకో కవర్ల పెట్టి మల్ల ముడేయాలె. పెంటకుప్ప మీద, పొలం గట్టున పారేయొద్దు, గొర్లు బర్లు తిరిగే జాగ అది.

డ్రిల్లు పెట్టే ముందు ఒకటి చూడుండ్రి: మెడ దగ్గర చుట్టూరా సన్నని గీత ఉన్నదా? కొన్ని పిడులకు మెడ ముక్క మరలెక్క తిరిగి ఊడి వస్తది. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పట్టుకుంటే జారదు, గీతలు పడవు. కొద్దిగ గోరువెచ్చటి నీళ్లు తగిలించి మెల్లగ తిప్పాలె. తిరగకపోతే బలం చేయొద్దు, అతికించిందే అనుకోవాలె.

అతికించినదైతే మధ్యల 3 మి.మీ. బిట్టుతో మొదలు పెట్టి 6, తర్వాత 10 దాకా పోవాలె. పిడిని గుడ్డ చుట్టి వైస్‌ల పెట్టాలె, దవడలు సున్నితంగ పట్టేటంతనే బిగించాలె. కాటలిన్ ఎక్కువ ఒత్తుడు ఓర్వదు, టక్కున పగులుతది. డ్రిల్లు మెల్లగ తిరగాలె. ప్రతి 10 సెకన్లకు ఆపి, రెండు చుక్కల నీళ్లు ఏసి, పొట్టును తడిగుడ్డతోని తీయాలె. వేడెక్కనిస్తే మూతి దగ్గర పగులు వస్తది. 10 మి.మీ. పడ్డంక చుట్టూ మిగిలిన పాత జిగురును చిన్న ఉలితోని లోపలికి, మధ్యకు గీకాలె. గోడకు ఆనించి ఒత్తొద్దు. రబ్బర్‌సెట్ లాంటి కంపెనీల బ్రష్షులల్ల వెంట్రుకలను గట్టి రబ్బరుల పాతుతరు. గది పాతబడితే పెళుసుగ ముక్కలు ముక్కలు వస్తది, ఓపిక పట్టాలె అంతే.

---

సూర్యాపేట నురగ

కుక్కర్‌లో 20 నిమిషాలు పెడితే ఆ బీజాలు చావవా? ఆస్పత్రుల్లో కూడా ఆవిరితోనే కదా శుద్ధి చేసేది.

---

పాలమూరు బ్రష్షు

ఆస్పత్రి యంత్రంల 121 డిగ్రీల ఆవిరి లెక్కప్రకారం, కొలిచిన సమయం ఇస్తరు. ఆ వేడికి పాత జిగురు కరిగిపోతది, కాటలిన్ పగులుతది, సెల్యులాయిడ్ అయితే ఇంక చెప్పేదే లేదు. వంటింటి కుక్కర్‌ల అసలే వద్దు. ఉట్టిగ ఉడకబెట్టుడు, డెటాల్‌ల నానబెట్టుడు ఆ బీజాలకు సరిపోవు. కొత్త కుచ్చు దొరుకుతుండంగ పాతదాని కోసం ఇంత కష్టం అక్కర్లే.

అట్లనే, చాల అరుదైన పేరున్న బ్రష్షు, వెంట్రుకలతో సహా అసలుదే అయితే కుచ్చు తీయకుండ్రి. మూత ఉన్న గాజు డబ్బాల పెట్టి చూసుకోనీకి ఉంచుకోవాలె. సేకరణకు ఒక పద్ధతి, వాడకానికి ఒక పద్ధతి.

---

వనపర్తి వడ్రంగం

కొలతలు నేను చెప్తాను. కుచ్చు మార్చినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మొదటి లెక్క, గుంత వెడల్పు. మూతి బయటి వెడల్పులోంచి రెండు పక్కలా దాదాపు 3 మి.మీ. గోడ మిగలాలి. మీ పాకం రంగు పిడి 29, తీసేస్తే 23. చీలిక ఉంది కాబట్టి 22 మి.మీ. కుచ్చుకే పరిమితం కండి. నల్లది 31, దానికి 24 హాయిగా పడుతుంది. చెక్కది 26, అందులో 20.

కుచ్చు '24' అని అమ్మినా దాని అడుగు జిగురు గుండు (వెంట్రుకలను పట్టి ఉంచే గట్టి ముద్ద) 24.3, 24.4 ఉంటుంది. వెర్నియర్‌తో నాలుగు దిక్కులా కొలిచి, ఎక్కువ వచ్చిన అంకెకు 0.5 కలిపి గుంత తీయండి. 10 మి.మీ. రంధ్రం నుంచి అక్కడికి రావడానికి రెండు దారులు. ఒకటి ఫోర్స్‌నర్ బిట్టు. తలుపు హింజుల కోసం వడ్రంగులు వాడే 35 బిట్టు ఉంటుందే, ఆ జాతిలోనే చిన్నవి. డ్రిల్ స్టాండు ఉంటేనే దాన్ని వాడండి, చేత్తో పట్టుకుంటే ఒక పక్కకు లాగుతుంది. పైగా మధ్యలో ముందే రంధ్రం ఉంటే ఆ బిట్టు ముల్లుకు పట్టు దొరకదు, కాబట్టి గుంతలో బిగుతుగా చెక్క బిరడా కొట్టి దాని మీద మధ్య గుర్తు పెట్టుకోవాలి. రెండోది, స్టాండు లేనివాళ్లకు నేను చెప్పేది: చిన్న రోటరీ మిషనుకు శాండింగ్ డ్రమ్ము (గరుకు కాగితం చుట్టిన చిన్న గొట్టం) బిగించి చుట్టూ కొంచెం కొంచెంగా అరగదీయడం. ఆలస్యమే గానీ పిడి దక్కుతుంది. ఆ పొడి పీల్చకూడదు, అదీ తడి మీదే చేయాలి.

కొలబద్దగా 2011 తర్వాత వచ్చిన రూపాయి బిళ్ల పనికొస్తుంది, అది దాదాపు 22 మి.మీ. 22 కుచ్చుకు తీసిన గుంతలో అది అడుగుదాకా ఎక్కడా రాసుకోకుండా దిగాలి. మధ్యలో ఆగితే గుంత కిందికి పోయేకొద్దీ సన్నబడిందన్నమాట. 2019 నుంచి వచ్చే రూపాయి 20 మి.మీ.యే, పొరపాటు పడకండి.

రెండో లెక్క లోతు. కుచ్చు అడుగు నుంచి వెంట్రుక కొస దాకా మొత్తం ఎత్తు కొలవండి. పిడి మూతి పైన ఎంత ఎత్తు నిలబడాలో అది తీసేయండి. మిగిలింది లోతు. 24 మి.మీ. సింథటిక్ కుచ్చు మొత్తం 67 ఉండి, పైన 51 కావాలంటే లోతు 16. 22 బ్యాడ్జర్‌కు పైన 46 నుంచి 48 బాగుంటుంది. 20 పందివెంట్రుకకు 50 నుంచి 52, ఎందుకంటే వాడేకొద్దీ కొసలు చీలి, మెత్తబడి వాలుతుంది. మరీ లోతుగా దింపితే గుండు పైనున్న వెంట్రుకలు గుంత అంచుకు నొక్కుకుని నిటారుగా బిగుసుకుంటాయి, చర్మానికి గుచ్చుకుంటుంది, మధ్యలో నీళ్లు ఆరక మురుగు వాసన పడుతుంది. మరీ పైకి పెడితే జిగురు గుండు బయటికి కనిపిస్తుంది, కుచ్చు పక్కకు వాలిపోతుంది, నురగ పిడి మీదికి కారుతుంది. గుండు పైఅంచు మూతికి 2 మి.మీ. కింద ఉండడం సరైన చోటు.

గుంత ఎక్కువ లోతు అయితే అడుగున ఎం-సీల్ ముద్ద పెట్టి ఎత్తు పెంచండి. ఇనుప వాషర్లు వేయకండి, తడి తగిలితే తుప్పు ఉబ్బి పిడిని లోపలి నుంచి పగలగొడుతుంది. పిడికి బరువు కావాలంటే ఇత్తడి ముక్కలు వేసి ఎం-సీల్‌తో కప్పేయండి.

జిగురు పెట్టే ముందు ఏ జిగురూ లేకుండా ఒకసారి పెట్టి, పిడిని అద్దం ముందు గుండ్రంగా తిప్పి చూడండి. కుచ్చు ఒక పక్కకు వాలితే ఇప్పుడే దిద్దుకోవాలి.

జిగురు రెండు గొట్టాల అరల్డైట్, ఆలస్యంగా గట్టిపడేది. అయిదు నిమిషాల రకం వద్దు, కుచ్చు నిటారుగా ఉందో లేదో చూసేలోపే పట్టేస్తుంది. పైగా రోజూ వేడినీళ్ల కింద ఉండే అతుకుకు నెమ్మది రకమే నిలుస్తుంది. ఫెవికాల్ పనికిరాదు, తడికి మెత్తబడుతుంది. రెండు గొట్టాల నుంచి సమానంగా, కలిపితే పెద్ద శనగగింజంత చాలు. ఎండాకాలం మధ్యాహ్నం కలపకండి, మన దగ్గర 43 డిగ్రీల ఎండలో అది సగం సమయంలోనే బిగుస్తుంది. పొద్దున్నే కలపండి. గుండు కింది సగానికీ, గుంత గోడకూ పలచగా పూయండి. గుంత అడుగున కుప్ప పోయకండి. కుచ్చు దిగుతుంటే కింద చిక్కిన గాలి ఆ జిగురును అంచుల వెంట పైకి నెడుతుంది, వెంట్రుకలు దాన్ని వత్తి నూనె పీల్చినట్టు పీల్చుకుంటాయి. అలా గట్టిపడిన కుచ్చును ఇక బాగుచేయలేం. గాలి పోవడానికి గుండు పక్కన ఆకురాయితో నిలువుగా సన్నగాడి ఒకటి గీయండి.

పెట్టాక మూతి అంచును స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, 24 గంటలు నిటారుగా వదిలేయండి. 48 గంటల దాకా నీళ్లు తగలనీయకండి.

---

మిర్యాలగూడ పిడి

అందరికీ ధన్యవాదాలు. పరీక్షల ఫలితాలు ఇవి. పాకం రంగుదానికి దూది మీద చిక్కటి పసుపు, వేడినీళ్లకు కార్బాలిక్ వాసన. నల్లదానికి గోధుమరంగు కలిసిన పసుపు, అదే వాసన. మెడల దగ్గర గీతలు లేవు, మూడూ అతికించినవే. చెక్కదాని అడుగున రంగు లేని చోట పాలిష్ ఉంది, తడి గుడ్డ కాసేపు ఉంచితే తెల్లగా పాలిపోయింది. వెంట్రుకలు తడిపి కత్తిరించి కవర్లలో కట్టేశాను.

ఇప్పుడు పాలిష్ గురించి చెప్పండి. నల్లదాన్ని 400 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దాలనుకుంటున్నా. చీలిక ముందు అతికించాలా, డ్రిల్లు చేశాకా?

---

దేవరకొండ ఖరాదు

నల్లదానికి వాటర్ పేపర్ పెట్టకండి. అచ్చుపోసిన బేకలైట్‌కు పైన నున్నటి చర్మం లాంటి పొర ఉంటుంది. దాని కింద చెక్కపొట్టు. 400 పేపర్ ఆ పొరను చీల్చేస్తే లోపలి పొట్టు గరుకుగా బయటపడుతుంది, ఆపైన ఎంత పాలిష్ పట్టినా అద్దం మెరుపు తిరిగి రాదు, తడి కూడా పీలుస్తుంది. బూడిదలా కనిపించేది ఎండకు, సబ్బుకు ఆ పొర మీద పైపైన పాడైన భాగం మాత్రమే. మెత్తటి నూలుగుడ్డ మీద కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్ కొద్దిగా తీసుకుని చిన్న చిన్న చుట్లుగా రుద్దండి. గుడ్డ గోధుమరంగు అవుతుంది, అది మామూలే. నలుపు తేలాక కార్నుబా (ఒక చెట్టు నుంచి వచ్చే గట్టి మైనం) ఉన్న కారు మైనం పూసి తుడిస్తే చాలు. మీ ముద్ర అక్షరాల మీద కాంపౌండ్ నిలవకుండా పళ్ల బ్రష్షుతో కడిగేయండి.

కాటలిన్‌ది వేరే కథ. లోపలిదాకా ఒకే సరుకు కాబట్టి పేపర్ పట్టించవచ్చు: నీళ్లలో ముంచుతూ 800, 1000, 1500, 2000, ఆఖర్న బ్రాసో. కానీ ప్రతి పేపరుకూ ఆ పాకం రంగు తరుగుతుంది. 800 పెట్టారంటే కింద మీగడరంగు మచ్చలు మచ్చలుగా బయటపడుతుంది, ఇక మొత్తం తీసేయక తప్పదు. ఆ రంగు మళ్లీ పట్టడానికి ఏళ్లు పడుతుంది. నా అభిప్రాయం అడిగితే దాన్ని ముట్టుకోకండి. ఆ రంగు కోసమే ఈ పిడుల్ని వెతికి కొంటారు. 2000 పేపర్ కూడా లేకుండా నేరుగా బ్రాసోతో రెండు నిమిషాలు, అంతే. గీతలు కొన్ని ఉంటే ఉండనివ్వండి.

చీలిక డ్రిల్లుకు ముందే అతికించాలి. అతికించకుండా బిట్టు పెడితే ఆ సెంటీమీటరు చీలిక అడుగుదాకా పోతుంది. ముందు చీలికలోని సబ్బు మురికి పోవాలి. గోరువెచ్చటి సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు, తర్వాత రెండు రోజులు నీడలో ఆరబెట్టడం. ఎండలో పెట్టొద్దు. తర్వాత నీళ్లలా పలచగా ఉండే ఫెవిక్విక్ రకం జిగురును సూది మొనతో చీలిక పైకొసన ఒక చుక్క పెట్టండి, అదే లోపలికి పాకుతుంది. సైకిల్ ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి మెడకు మూడు చుట్లు చుట్టి రాత్రంతా వదిలేయండి. పైకి ఉబ్బిన జిగురును 2000 పేపర్ చిన్న ముక్కను అగ్గిపుల్లకు చుట్టి అక్కడి వరకే రుద్దండి. డ్రిల్లు చేసేటప్పుడు కూడా ట్యూబు పట్టీ మెడకు ఉండాలి. ఆ పిడికి ఫోర్స్‌నర్ వద్దు, డ్రమ్ముతోనే పోండి.

అక్షరాలకు ఎనామిల్ పెయింటు, ఎరుపో నలుపో. గాడిలో మిగిలిన పాత రంగు తునక భూతద్దంలో కనిపిస్తే అదే రంగు ఎంచుకోండి. సన్నకుంచెతో గాడి నిండేలా పెట్టి, 10 నిమిషాలు ఆగి, పాత ఏటీఎం కార్డుకు గుడ్డ బిగువుగా చుట్టి, టర్పెంటైన్ కాస్త అద్దుకుని, అక్షరాలకు అడ్డంగా ఒక్క దిక్కుకే తుడవండి. వేలితో తుడిస్తే గాడిలోకి దిగి రంగు లాగేస్తుంది. కార్డు చదునుగా ఉంటుంది కాబట్టి పైపైదే పోతుంది.

చెక్కదాని మీద తెల్లగా పాలిపోయింది లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్. తడికి, వేడినీళ్లకు అది ఎప్పుడూ అలాగే అవుతుంది. ఎర్రరంగు పాతది, అందులో సీసం ఉండవచ్చు, పొడిగా గీకకండి. తడిపి రుద్దండి, ఆ నీళ్లు మొక్కలకు పోయకండి. లక్క స్పిరిట్‌తో వచ్చేస్తుంది. ఆరాక పాలీయురిథేన్ వార్నిష్ పలచగా మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి. గుంత లోపలి గోడకు కూడా అరల్డైట్ పలచగా పూసి ఆరనివ్వాలి. చెక్క పిడులు చీలేది బయటి తడితో కాదు, కుచ్చు కింద నుంచి లోపలికి దిగిన తడితో. అల్యూమినియం పట్టీకి వాషింగ్ సోడా తగలనీయకండి, నల్లబడుతుంది.

---

నల్లగొండ నీళ్లు

కుచ్చు పెట్టిన తర్వాతి సంగతి ఒకటి కలుపుతాను. మన జిల్లాలో నురగ సరిగా రాకపోతే 'ఫ్లోరైడ్ నీళ్లు కదా' అనేస్తారు. నురగను చంపేది ఫ్లోరైడ్ కాదు, నీటిలోని కాల్షియం, మెగ్నీషియం. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు కొన్నిచోట్ల నురగ బాగానే ఇస్తుంది. ఆ కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డుగా మారి కుచ్చు మొదట్లో పేరుకుంటుంది. పైకి కనపడదు. కుచ్చు మధ్యలో వేళ్లతో విడదీసి చూస్తే పిండి అంటినట్టు ఉంటుంది. నెల రెండు నెలల్లో వెంట్రుకలు అక్కడే విరుగుతాయి, 'కొత్త కుచ్చు రాలుతోంది' అని జిగురును తిడతారు.

బోరు నీళ్లు వాడేవాళ్లు నెలకోసారి ఇలా చేయండి: 200 మి.లీ. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు అర చెంచా. కుచ్చును మాత్రమే, పిడి మునగకుండా, 10 నిమిషాలు ఉంచి మంచినీళ్లలో కడగాలి. అల్యూమినియం పట్టీ ఉన్నదాన్ని ఇంకా పైకి పట్టుకోండి. రోజూ నురగ కలిపేటప్పుడు భగీరథ నల్లా నీళ్లో ఆర్‌వో నీళ్లో రెండు చెంచాలు వాడినా తేడా తెలుస్తుంది.

పందివెంట్రుక కుచ్చు పెడితే మొదటి పది పదిహేను షేవింగులు గట్టిగానే ఉంటుంది. వాడేముందు 3 నిమిషాలు నానబెట్టాలి. సింథటిక్‌కు నానబెట్టడం అక్కర్లేదు.

దాచుకునేటప్పుడు సెల్యులాయిడ్ పిడి ఏదైనా ఉంటే దాన్ని విడిగా, గాలి ఆడేచోట పెట్టండి. అది చెడేటప్పుడు విడిచే ఆవిరి పక్కనున్న రేజర్లకు తుప్పు పట్టిస్తుంది. రేకుల ఇంట్లో అటక మీద, ఎండాకాలం అసలు వద్దు. నాఫ్తలీన్ ఉండలు ప్లాస్టిక్ పిడుల పెట్టెలో వేయకండి, పాలిస్టైరిన్ మెత్తబడి గుడ్డకు అంటుకుపోతుంది.

---

మిర్యాలగూడ పిడి

చీలిక అతికింది, బాగా పట్టింది. నల్లదానికి ఫోర్స్‌నర్ వాడితే గుంత 26 మి.మీ. అయిపోయింది, బిట్టు ఊగింది. కుచ్చు గుండు 24.4. చుట్టూ ఖాళీ, పెడితే ఒక పక్కకు ఒరుగుతోంది. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించనా?

---

వనపర్తి వడ్రంగం

టెఫ్లాన్ వద్దు. అరల్డైట్ దానికి అంటుకోదు, కుచ్చు రెండు వారాల్లో పిడిలోంచి ఊడి వస్తుంది. నూలుదారం తీసుకోండి, పూలమాల కట్టే రకం. గుండుకు పైఅంచు దగ్గర ఒక వలయం, కిందఅంచు దగ్గర ఒక వలయం, ఒక్కోటి 4 మి.మీ. వెడల్పున బిగువుగా చుట్టండి. చుట్టాక వెర్నియర్‌తో కొలిస్తే 25.6 రావాలి. మధ్య భాగం ఖాళీగానే ఉంచండి, జిగురు నిలిచేది అక్కడ. గాలి గాడి మీద దారం అడ్డం పడితే అక్కడ సూదితో కొంచెం పక్కకు జరపండి. పొడిగా పెట్టి చూసి, నిటారుగా నిలిస్తే బయటికి తీసి దారానికి అరల్డైట్ తడిసేదాకా పూసి, మధ్యలో పలచగా పూసి దింపండి.

గోడ ఇప్పుడు రెండు పక్కలా 2.5 మి.మీ. మాత్రమే ఉంది. జిగురు లోపల గట్టిపడితే గోడకు అదే బలం, వాడకానికి ఇబ్బంది లేదు. మూతి మీద పడేలా కింద పడేయకుండా చూసుకోండి. పాకం రంగుదానికి మాత్రం డ్రమ్ము పెట్టినప్పుడు ప్రతి రెండు నిమిషాలకు రూపాయి బిళ్లతో కొలుస్తూ పోండి. బిళ్ల రాసుకుంటూ దిగిందంటే 22 అయినట్టు. అక్కడి నుంచి గుండు కొలతకు 0.5 పైదాకా చేత్తో, 400 పేపరు చుట్టిన పుల్లతో తీసుకోండి.